బల్బు లేని స్టార్

హలో… ఆ, నేనే వదినె, లీలమ్మనే. వందనాలు…

ఏడుస్తున్నవెందుకు?… జెర ఊపిరి పీల్చుకొని చెప్పు… ఎవరు పోయిన్రు?

మా ఇంట్లనా?

లేదు… ఎవరూ పోలే… అయ్యో, లేదంటె ఇనవేంది వదినె.

మీ అమ్మనా? మీ అమ్మ గిదో, గడప కాడ కుర్చీల కూసుంది… హా, బతికే ఉంది. అలిగింది, గంతే… అలుగుడు వేరు, పోవుడు వేరు గద.

తమ్ముడా? నీ తమ్ముడు లోపట పండుకున్నడు… పండుకున్నడంటె గట్ల కాదు. నైట్ డ్యూటీ ఉంది, డ్యూటీకి పోయే ముందు ఇంత కునుకు తీస్తున్నడు. గురక ఇనవడ్తలేదా?… ఆగు, ఫోన్ అటు దిక్కు తిప్తున్న…

ఇన్నవా? పీనుగు గట్ల గురక పెడ్తదా?

ఇగ మా ఇంట్ల మిగిలింది నేను. నేనే గద నీతోని మాట్లాడేది.

ఆ… నవ్వు. కండ్లు తుడ్సుకో. అన్నయ్య ఏం జేస్తున్నడు?… దండనా? దండ గూడ తెచ్చిండా?… బాగుంది, ఎవరు పోయిన్రో తెల్వకముందే దండ తెచ్చె అన్నయ్య… ఏం పూలు?… చామంతులా? పారెయ్యకు, నీళ్లు చల్లి పక్కకు పెట్టు. పండుగకు పనికొస్తది.

ఇగ చెప్పు. నీకు గీ మాట ఎవరు మోసిన్రు?

మీ పక్కింటి సొలొమోనా? క్యారల్స్ జట్టుల డోలు కొట్టేటోడా?… ఏమన్నడు?… "ఇస్నాపూర్ల మీ తమ్ముని ఇంట్ల దుఃఖం ఉన్నదంట, మీరింక పోలేదా" అన్నడా?

ఆనికెట్ల తెల్సంట?… నిన్న పాడుకుంట వచ్చినప్పుడు చూసిండా? ఏం చూసిండు?… స్టార్ ఆరిపోయి ఉందా…

స్టార్.

అయ్యో… వదినె, ఒక్క నిమిషం, నన్ను కూసోనియ్యి.

లేదు, ఏం గాలే. నాకు ఇప్పుడు సమజైతుంది… ఆ, నాకు తెల్సు. ఎవరన్న పోయిన ఇంట్లనే ఆ ఏడు క్రిస్మస్‌కు స్టార్ వెలిగియ్యరని నాకు తెల్వదా? నేను గూడ చర్చిలనే పుట్టి పెరిగిన. తెల్సు. గని యాదికి రాలే.

స్టారైతె కట్టినం వదినె. నీ తమ్ముడు సన్న సలాకలు వెల్డింగ్ చేసి, రంగు కాయితాలు అతికిచ్చి, మనిషంత స్టార్ చేసిండు. మిద్దె మీద కట్టిండు… బల్బా? బల్బు నేను తీసేసిన.

ఎందుకంటె… చెప్తె నవ్వొద్దు మరి.

పోటీ.

మా స్త్రీల సమాజంల. పోయిన కొత్త సంవత్సరం నాడు అయ్యగారు ప్రసంగంల చెప్పిండు — పొలాలకు కరెంటు సాల్తలేదు, పంటలు ఎండుతున్నయ్, ఇండ్లల్ల జెర తగ్గిచ్చుకోన్రి అని. ఇగ మా ఆడోళ్లు ఊకుంటరా? ఏడాది మొత్తంల ఎవరింట్ల కరెంటు ఎక్కువ తగ్గితె వాళ్లకు అందరి ముంగట ప్రైజు అన్నరు… ప్రైజేందా?

కరెంటు కుక్కర్.

నవ్వొద్దన్న గద.

నేను గూడ మొదాలు నవ్విన వదినె. తర్వాత మంకు పట్టిన. మీటరు కింద గోడకు బొగ్గుతోని గీతలు పెట్టిన, ఆదివారం ఆదివారం ఒకటి. వారం మంచిగ నడిస్తె పొట్టి గీత, కరాబైతె పొడుగు గీత… ఆ మీటర్ల చక్రం ఉంటది సూడు, ఎర్రమచ్చతోని? అది జోరుగ తిర్గితె ఉరికిపోయి ఏదో ఒక స్విచ్చి బందు చేస్త.

ఎండకాలం కూలర్ బందు… ఆ, ఉడికినం. కిటికీలకు గోనెపట్టలు తడిపి కట్టిన. రాత్రయితె మిద్దె మీద పక్క ఏసుకున్న. నీ తమ్ముడు డ్యూటీల, మీ అమ్మ మెట్లెక్కలేదు, నేనొక్కదాన్నే… మన ఎదురింటి కమలాకుమారి టీచరమ్మ లేదా? తెల్లారి వచ్చి నా చెవుల అడిగింది — మీ ఆయన నిన్ను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టిండా అని.

ఇంక ఇను. వానకాలం ఇస్త్రీ పెట్టె బందు. డ్యూటీ బట్టలు ఆరవు గద, కట్టెల పొయ్యి మీద దండెం కట్టి ఆరేసిన… ఆరినయ్, కరకరలాడుకుంట ఆరినయ్. గని పొగ వాసన. నీ తమ్ముడు కంపెనీ లోపటికి పోంగనే వాళ్ల సేఫ్టీ సారు ముక్కు ఎగవీల్సి, ఏడనో అంటుకున్నది ఎతుకున్రి అన్నడంట. షెడ్డు షెడ్డు తిరిగిన్రు. నీ తమ్ముడు గూడ వాళ్లెంబడి తిరిగి ఎతికిండంట… మరి, నా బట్టలకెళ్లే వస్తుంది సార్ అని ఎట్ల చెప్తడు?… ఆ, ఆయన ఏడికి పోతె ఆడ్నే వాసన ఎక్కువుంది.

చలికాలమా? నీళ్ల హీటర్ బందు. ఇనుప డ్రమ్ముకు నల్లరంగు పూసి మిద్దె మీద పెట్టినం, ఎండకే కాగుతయ్. తానాలు పగటీలి… మీ అమ్మ గూడ పగటీలే. తిట్టుకుంట పోస్కుంటది, గని పోస్కుంటది.

అన్ని గట్ల చేసుకుంట వచ్చిన వదినె. గోడ మీద గీతలు చీమలంత అయినయ్. ఇగ డిసెంబర్ల ఈ స్టార్ ఒచ్చి పడ్డది. తెల్లందాక వెలగాలె గద. పండుగ ముందటి రాత్రి పెడ్తం తియ్ అని బల్బు తీసి బియ్యం డబ్బల దాచిన.

ఇప్పుడు నువ్వే జెర బయిటికెళ్లి మా ఇంటిని చూసినట్టు అనుకో… టీవీ చప్పుడు లేదు. మిక్సీ చప్పుడు లేదు. పొద్దుమూకినా ఇంట్ల లైటు లేదు. నీ తమ్ముడు పగలంత పండుకొని చీకటి పడ్డంక పోతడు, ఎవరికి కనవడడు. మీ అమ్మ తెల్లచీర కట్టుకొని గడప కాడ కూసుంటది. మీద స్టార్ ఆరి ఉంటది… నేనే బయిటిదాన్నయితె నేను గూడ దండ తెస్తుంటి.

టీచరమ్మ అడగలేదా అంటె, అడిగింది. "స్టార్ వెలుగుతలేదేంది లీలమ్మా" అన్నది. పోటీల నాకు ఎదురు ఆమెనే. బల్బు తీసిన అంటె రేపు ఆమె గూడ తీస్తది గద. అందుకే తలకాయ కిందికేసి ఊకున్న… ఊకున్న, గంతే. ఆమె నా చెయ్యి పట్టుకొని కండ్లు తుడ్సుకున్నది. మాపటికి ఇంత అన్నం, పప్పుచారు పంపింది.

తిన్నం వదినె. ఒక పూట వంట తప్పిందని సంబురపడ్డ.

…ఆ. అది నవ్వులాటనే. గని నిన్న మాపు జరిగింది నవ్వులాట కాదు.

జట్టొచ్చింది గద. మీ అమ్మ ఏడాది పొడుగున ఎదురుచూసేది ఆ ఒక్క పూటనే, నీకు ఎరుకే. ఉతికిన చీర కట్టుకొని, తాంబాళంల తీపి గరిజెలు పెట్టుకొని కుర్చీల కూసుంది. డోలు ఇనవడ్తుంది… గల్లీల ఒక్కొక్క ఇల్లు పాడుకుంట వస్తున్నరు… మా ఇల్లు రాంగనే ఆగింది.

డోలు ఆగింది. పాట ఆగింది. అందరు తలకాయలు వంచుకొని, చెప్పుల చప్పుడు గాకుండ మా ముంగటికెళ్లి మెల్లగ పోయిన్రు. పక్కింటి కాడ మళ్ల మొదలువెట్టిన్రు.

పిలవకపోయినవా అంటె… ఎట్ల పిలుస్త వదినె? ఏం తప్పు చేసినమో, మనల్ని ఎందుకు దాటిపోతున్నరో తెల్వలే. మీ అమ్మ తాంబాళం పట్టుకొని అట్లనే నిలవడ్డది. ఆమెను చూసి నాకు ఏడుపొచ్చింది. నిన్నటి సంది నాతోని మాట్లాడ్తలేదు, గరిజె ముట్టలేదు. "నన్ను లెక్కలకెళ్లి తీసేసిన్రు" అంటది, ఇగ గోడ దిక్కు తిరుగుతది.

వదినె, ఒక్క పని చెయ్యి. జల్దీ పోయి సొలొమోనుకు చెప్పు… పోయిండా? ఇప్పుడే ఎక్కిన్రా డీసీఎం బండి? ఇయ్యాల ఏడికి?… రుద్రారమా? అంటె మా ఇస్నాపూర్ మీదికెళ్లే పోవాలె గద…

ఏమనుకున్నరు? దుఃఖమున్న ఇల్లు దాటేదాక డోలు కొట్టొద్దనుకున్నరా? ఎంత మర్యాదగాళ్లు వదినె మీ పిల్లగాండ్లు… మళ్ల ఈ దిక్కు రారా? ఇదే ఆఖరు దినమా?

అన్నయ్యను స్కూటర్ మీద ఎనుక పంపు… పెట్రోలు లేదా? దండకు పోయి తెచ్చెదాంట్లనే అయిపోయిందా…

సరె. ఎంతసేపైంది వాళ్లు పోయి?… ముత్తంగి దాటుంటరు. ఇగ వాళ్లకు చెప్పేది ఆ స్టార్ ఒక్కటే. మా ఇల్లు గల్లీ మూలకు, రోడ్డుకే గద, మిద్దె మీద వెలిగితె కనవడ్తది. వెలిగితె ఆగుతరు. లేకుంటె లేదు.

…ఆలోచిస్త లేను.

కొంచెం ఆలోచిస్తున్న. ఏడాదంత ఉడికి, తడిసి, వణికి… ఇయ్యాల వెలిగిస్తె ఇగ దినాం వెలిగియ్యాలె. టీచరమ్మ గెలుస్తదేమో…

పోనీ. గెలవనీ. కుక్కర్ పోతె పోనీ వదినె. మీ అమ్మ మొఖం చూడవశమైతలేదు నాకు.

ఏమయ్యో, లేవు… లేవయ్య, నువ్వు బతికే ఉన్నవని ఊరికి చెప్పాలె… తర్వాత చెప్త. బియ్యం డబ్బల చెయ్యి పెట్టు, స్టార్ బల్బుంది… ఆ, నేనే దాచిన. నువ్వు దొంగతనంగ పెడ్తవని… కోపం మళ్ల చెయ్యి, ముందుగాల మిద్దె ఎక్కు.

ఎక్కిండు వదినె. లుంగీ మీదనే ఎక్కిండు…

పెట్టినవా? గట్టిగ తిప్పు… ఇగో, నేను స్విచ్చి ఏస్తున్న. ఏసిన… వెలుగలేదా? మళ్ల చూడు… వెలుగలేదంట. బల్బు మాడిందో, వైరు తెగిందో… ఉండు, కిటికీలకెళ్లి చూస్తున్న.

టీచరమ్మ స్టార్ గూడ ఆరే ఉంది.

ఎనుక గల్లీ గూడ… కిరాణా దుకాణం గూడ…

కరెంటు పోయింది వదినె. ఎప్పుడు పోయిందో ఏమో. మేం రోజు చీకట్లనే కూసుంటం గద, మాకెట్ల తెలుస్తది.

నవ్వకు వదినె, నాకు పాణం పోతుంది… ఇప్పుడేం చెయ్యాలె? ఊరంత స్టార్లు ఆరినయ్, ఇగ మాది ఎవరు చూస్తరు…

ఏందత్తమ్మా?… ఆగు వదినె, మీ అమ్మ లేస్తుంది. నిన్నటి సంది ఆ కుర్చీ ఇడువని మనిషి… మంచం కిందికి వంగుతుంది… కిరసనాయిల్ కందీలు తీసింది. అత్తమ్మా, కాయితాలు అంటుకుంటయ్… ఏమంటుందా? "మా చిన్నప్పుడు నీ కరెంటు ఏడిది? కందీలే పెట్టేటోళ్లం, ఏ స్టార్ అంటుకోలే" అంటుంది.

నాతోని మాట్లాడింది వదినె. తిట్టింది, గని మాట్లాడింది.

స్టార్ల పడ్తదా అంటవా? బర్రెదూడ పడ్తది అందుల… ముట్టిచ్చింది. మెట్ల కింద నిలవడి నీ తమ్మునికి అందిచ్చింది. మెల్లగ, ఏమయ్యో, నడిమిట్ల కొక్కేనికి తగిలియ్యి… కాయితానికి ఆననియ్యకు…

ఆ… ఆ…

వెలిగింది.

వెలిగింది వదినె. ఎర్రగ, ఆకుపచ్చగ… టీచరమ్మ గోడ మీద పడ్డది మా స్టార్ వెలుగు. ఊరంత చీకటే, మాదొక్కటే కనవడ్తుంది. ఎంత మంచిగున్నదో నీకెట్ల చెప్పాలె.

అత్తమ్మా, వాకిట్ల నిలవడు. వాళ్లకు నువ్వు కనవడాలె… తాంబాళం తీస్కుంది.

రోడ్డు మీద లైట్లు… పెద్ద బండే… లారీ. పోయింది… ఇంకొకటి వస్తుంది. మెల్లగ వస్తుంది… డీసీఎమ్మే వదినె. మనుషులు నిలవడి ఉన్నరు… డోలు కొడ్తలేరు…

దాటుతున్నరు.

దాటిన్రు…

…ఆగు. ఎర్రలైటు పడ్డది. బ్రేక్ ఏసిండు. ఎనుకకొస్తుంది బండి… ఆగిన్రు వదినె, మా వాకిట్లనే ఆగిన్రు. ఒకడు దుంకిండు… సొలొమోనే. మీ అమ్మను కిందికి మీదికి చూస్తున్నడు… మీ అమ్మ ఏమంటుందో తెల్సా? "సచ్చిందనుకున్నవారా? చెయ్యి పట్టి చూడు. గరిజెలు నిన్ననే మెత్తవడ్డయ్, రాన్రి" అంటుంది.

ఇనవడ్తుందా… డోలు?

ఏడ్సకు… నేనేం ఏడుస్త లేను. జెర జలుబు.

ఆగు, ఒక్కటి చూసొస్త. అగ్గిపుల్ల గీస్తున్న… మీటరు వదినె.

చక్రం కదుల్తలేదు. మీద స్టార్ వెలుగుతుంది, కింద చక్రం నిలవడి ఉంది… ఆ కుక్కర్ నాదే వదినె. రేపటి సంది స్టార్‌కు కందీలే.

ఇగ నేను పోవాలె, నన్ను పిలుస్తున్నరు. నువ్వు ఫోన్ పెట్టెయ్యకు… కిటికీల పెడ్తున్న, పాటంత ఇనవడ్తది. పెట్టెయ్యకు… నీకేంది, ఎంతసేపన్న ఇను.

చేసింది నువ్వు గద, బిల్లు అన్నయ్యకే వస్తది.