నలభై శాతమే కదా

(యాంజియో గదిలో బల్ల మీద పెద్ద డాక్టరు. ముప్పైయేళ్లుగా ఊరందరి గుండెలూ చూసినవాడు. ఇవాళ ఆయన మణికట్టులోంచే గుండెదాకా సన్నటి గొట్టం వెళ్లింది. గొట్టం పట్టుకున్నది ఒకప్పటి ఆయన శిష్యురాలు.)

“...కదలకండి సార్ అంటున్నానా!”

“కదల్లేదమ్మాయ్, తెర చూస్తున్నా. అదిగో, నలభై శాతం బ్లాకు. దీనికింత హడావుడా? గొట్టం లాగేసి ఇంటికి పంపు.”

“ఛాతీలో నొప్పన్నారుగా.”

“గ్యాసు.”

“మీ పేషెంట్లందరికీ గ్యాసే. మీక్కూడానా?”

“నాలుక బాగా పెరిగింది నీకు.”

“మీ దగ్గరే పెరిగింది. కెమెరా లోపలికి పంపుతున్నా.”

“ఆ బొమ్మల పెట్టె! అది కొనమని నువ్వు కాగితం పెడితే ఏమన్నానో గుర్తుందా?”

“‘నా కళ్లుండగా కెమెరా దేనికి’ అన్నారు. మీటింగులో అందరూ నవ్వారు, నేను తప్ప.”

“ఇప్పుడు కసి తీర్చుకుంటున్నావన్నమాట.”

“కసే అయితే మణికట్టుకి మత్తు ఇచ్చేదాన్నా? ఊపిరి బిగబట్టండి... వదలండి. ఊఁ, చూడండి.”

“ఏముందీ? దారి నిక్షేపంగా ఉంది.”

“దారి యాంజియోలోనూ కనిపిస్తుంది సార్. రక్తనాళం గోడ చూడండి, గోడ. ఆ నల్లటి మడుగేమిటి?”

“...కొవ్వు.”

“దాని మీద పొర ఎంత మందం?”

“నాకే పరీక్ష పెడుతున్నావా?”

“చెప్పండి మరి.”

“...వెంట్రుక కన్నా పలచన.”

“అది చిట్లితే?”

“రక్తం గడ్డకడుతుంది. దారి మూసుకుపోతుంది.”

“ఎంతసేపట్లో?”

“నిమిషాల్లో. మాట్లాడుతూ మాట్లాడుతూ కూలిపోతాడు.”

“గ్యాసుతోనా సార్?”

“ఆగమ్మాయ్, ఆగు.”

“సరే, ఊరికే అన్నాలెండి. చిట్లకముందే దొరికింది. మందులు పెంచుదాం, రెండ్రోజులు ఇక్కడే ఉంచుతా. సార్? ఏమిటా చెమటలు? నొప్పా?”

“నొప్పి కాదు. మొన్న ఒకణ్ణి చూశా. ఇదే నొప్పి, ఇదే నలభై శాతం. వాళ్లావిడ ‘లోపల ఇంకోసారి చూడండయ్యా’ అని చేతులు పట్టుకుంది.”

“మీరేమన్నారు?”

“నవ్వా. గ్యాసని రాసి పంపించేశా. ఇవాళ్టినుంచి డ్యూటీలో చేరొచ్చని సర్టిఫికెట్ కూడా...”

“ఏం డ్యూటీ సార్ ఆయనది?”

“స్కూలు బస్సు నడుపుతాడు. ఫోన్ చెయ్యమ్మా, త్వరగా... ఈపాటికి బడి వదిలేసుంటారు.”