చదునైపోయిన దిబ్బలు

జగిత్యాలలో నేల బ్యాక్టీరియా మీద పరిశోధన చేసే దీక్షిత, సముద్రతీరానికి వెళ్లడానికి బ్యాగు సర్దుకుంటోంది. భర్త గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

“మళ్లెందుకు? పోయినేడు సంచుల నిండ తెచ్చినం కదా?”

“ల్యాబుల ఫ్రిజ్ ఖరాబై ఆ బ్యాక్టీరియా అంత సచ్చిపోయింది. మళ్ల గా ఇసుక దిబ్బల మీది గడ్డి వేర్లకెళ్లే తీయాలె.”

“ఇంకో దిక్కు దొరుకదా?”

“ఎన్ని దిబ్బలు తిరిగినమో నీకు తెల్వదా? ఉప్పుల గుడ్క మొక్కను బతికిచ్చేది గక్కడనే దొరికింది. రాయికల్ చౌడు పొలంల వరి నిలబడ్డది దాంతోనే.”

“పోకు. అక్కడ దిబ్బల్లేవు. జేసీబీలతోని సాపు చేసిండ్రు. రిసార్టు కడుతున్నరు.”

దీక్షిత బ్యాగు మీంచి చెయ్యి తీసింది.

“నీకెట్ల తెలుసు?”

“అండ్ల నాది గుడ్క భాగం ఉన్నది.”

“నాతోని వచ్చి సంచులు మోసినవ్. ఆ వేర్లు ఎంత పైలంగ తీసిన్నో చూసినవ్.”

“చూసిన. వట్టి ఇసుకనే కదా అనుకున్న. అయినా ఆ జాగ నాకు చూపిచ్చిందే నువ్వు.”

దీక్షిత బ్యాగులోంచి ఖాళీ సంచులు తీసి కింద పడేసింది.

“గట్ల మొఖం పెట్టకు. కట్టుడైనంక సముద్రం దిక్కు రూము మనకే.”

“ఆ రూము నువ్వే ఉంచుకో. వానాకాలం నాట్లకు ఆ బ్యాక్టీరియా ఇస్తనని రాయికల్ రైతులకు మాటిచ్చిన. వాళ్లకు నువ్వే చెప్పు, ఎందుకు లేదో.”

భర్త ఫోన్ తీసుకుని బయటికి వెళ్లిపోయాడు.