గాలి అడిగిన సైకిల్ బెల్లు

దాలినాయుడు సైకిలెక్కితే చాలు, గాలి ఎదురొచ్చేదంట. నవ్వకండి, ఎదురుగాలికి సైకిలు తొక్కినవాళ్ళకి తెలుస్తుంది అదేమిటో. పెడలు మీద నిలబడి తొక్కినా బండి కదలదు, పంచె చెంగు ఎగిరి చైన్లో పడుతుంది, కళ్ళలో ఇసక, పళ్ళ మధ్య ఇసక. పోనీ ఒక పూటే అనుకో, సర్దుకోవచ్చు. ఇతనికి పొద్దున్న మిల్లుకి పోయేటప్పుడూ ఎదురే, సాయంత్రం ఇంటికొచ్చేటప్పుడూ ఎదురే. అదెలా కుదురుతుంది మామ్మా, పొద్దున్న ఎదురైన గాలి సాయంత్రం వెనకనుంచి రావాలి కదా అంటారా? మంచి ప్రశ్న. వినండి. రాత్రంతా నేల చల్లబడిపోతుంది, సముద్రం అంత తొందరగా చల్లబడదు. అందుకని తెల్లవారుజాము నుంచీ గాలి నేల మీదనుంచి సముద్రం వైపు వీస్తుంది. ఎండెక్కేక నేల కాగిపోతుంది, సముద్రం కాగదు, అప్పుడు గాలి తిరగబడి సముద్రం మీదనుంచి నేల వైపుకి వస్తుంది. ఇప్పుడు దాలినాయుడి ఊరెక్కడ? సముద్రం ఒడ్డున. గోనెల మిల్లెక్కడ? పడమర దిక్కున, రైలు పట్టాలకి అవతల. మరింక మీరే చూసుకోండి. పాపం, గాలి తన పని తను చేసుకుంటోంది, అతను తన పని తను చేసుకుంటున్నాడు, ఇద్దరూ రోజూ ముఖాముఖీ ఢీకొంటున్నారు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. సన్నాసని ఒకడు, దాలినాయుడికి వరసకి బావమరిది. అతని ఇల్లు మిల్లు పక్కన, అతని పని సముద్రం దగ్గర ఉప్పుమళ్ళలో. అంటే తిరగేసిన దాలినాయుడన్నమాట. రెండు పూటలా గాలి వెనకనుంచే. చొక్కా తెరచాపలా ఉబ్బించుకుని, పెడలు మీద కాళ్ళు ఊరికే ఆనించి, చుట్ట కాల్చుకుంటూ వచ్చేవాడంట. సరుగుడు తోట దగ్గర రోజూ ఇద్దరూ ఎదురుపడేవారు. "ఏటి బావా, సైకిల్ని నువ్వు తోల్తన్నావా, అదే నిన్ను తోల్తందా?" అనేవాడు సన్నాసి. "నిన్ను గాలి తోస్తంది, నన్ను నాను తోసుకుంటన్నాను, ఎల్లెల్లు!" అనేవాడు ఇతను. అప్పటికే ఆయాసం, సగం మాటలు గాల్లో కొట్టుకుపోయేవి. సన్నాసి నవ్వు మాత్రం చాలాదూరం వినపడేది.

ఇంటి దగ్గర సంగతి చెప్పలేదు కదూ. దాలినాయుడి పెళ్ళాం ఎర్నమ్మ, ఒక కూతురు పోలి. గోనెల మిల్లులో నార దుమ్ము ఎలా ఉంటుందంటే, గొంతులో పేరుకుపోతుంది. వేడివేడి గంజిలో ఉప్పేసుకుని తాగితే గానీ దిగదు. చల్లారిన గంజి పనికిరాదు, అప్పుడే వార్చింది కావాలి. అందుకని మిల్లుకి పోయే వాళ్ళ ఇళ్ళలో ఒక అలవాటు. సాయంత్రం ఎసరు పెట్టి, మగడి సైకిల్ బెల్లు కోసం చెవి పెట్టుకుని కూర్చుంటారు. ఊరి మొదట్లో మొగలి పొదల మలుపుంది, అక్కడ ఇసక దిబ్బ ఎక్కేటప్పుడు అతను బెల్లు కొడతాడు. బెల్లు వినగానే ఎర్నమ్మ ఎసట్లో బియ్యం పోస్తుంది. అతను ఇసకలో సైకిలు తోసుకుంటూ వచ్చి, గోడకి చేరేసి, కాళ్ళు కడుక్కుని, కూతురితో కాసేపు కబుర్లాడి కూర్చునే సరికి గంజి వార్చుతుంది. గుర్తు పెట్టుకోండి, ఈ బెల్లే మన కథకి కావాలి.

ఒకరోజు ఏమైందంటే, పొద్దున్నే మొగలి ముల్లు గుచ్చుకుని టైరు పడుకుంది. దాలినాయుడు గాలికి ఎదురు తోసుకుంటూ, తోసుకుంటూ, సగం దారిలో పంచరేయించుకుని వెళ్ళేసరికి మిల్లు కూత అయిపోయింది, గేటేసేసేరు. గేటు దగ్గర జవాను లోపలినుంచే చూసేడు. "ఏం నాయుడూ, మళ్ళీనా?" అన్నాడంట. "గాలి బాబూ, గాలి ఎదురు" అన్నాడు ఇతను. "గాలి నాకూ ఉంది. ఇంకొక్కసారి కూత దాటి వచ్చేవంటే నీ మగ్గం మీద ఇంకోడు నిలబడతాడు. చెప్పమన్నారు, చెప్పేను" అన్నాడు జవాను. మిల్లు పోతే ఇంకేముంది అతనికి? పొలమా, పడవా? ఏమీ లేదు. సరే, సైకిలు వెనక్కి తిప్పేడు.

అలా వస్తుంటే, సరుగుడు తోట దాటేక, ఉన్నట్టుండి గాలి ఆగిపోయింది. ఆకు కదలదు. కాకి కూడా అరవదు. ఇది కూడా చెప్పాలి మీకు. పొద్దుటి గాలి ఆగిపోయి, సముద్రపు గాలి ఇంకా మొదలవ్వని వేళ ఒకటుంటుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళ దాటుతుండగా ఇంకోటి. మిల్లులో ఒక షిఫ్టు దిగి ఇంకో షిఫ్టు ఎక్కే మధ్యలో మరలు ఊరుకుంటాయి చూడండి, అలాగ. ఆ వేళప్పుడు దాలినాయుడు ఎప్పుడూ రోడ్డు మీద లేడు కదా, అందుకని చూడలేదు. ఇవాళ చూసేడు. కాలవ మీద చిన్న కల్వర్టుంది, దాని గోడ మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. జుట్టు చూస్తే నేల దాకా ఉంది, నిండా సరుగుడు ఆకులు, దూది పింజెలు, ఎవరిదో గాలిపటం తోక. చీర రంగు ఏమిటంటే చెప్పలేను, చూసినంతసేపూ మారుతోందంట. కాళ్ళు నొక్కుకుంటోంది.

"కూకో నాయినా, నువ్వూ ఎనక్కొచ్చేసినావా?" అంది. ఇతనికి ఎవరో తెలియలేదు. ఎవరైతేనేం, అలిసిపోయిన మనిషి అనుకుని, హ్యాండిలుకి తగిలించిన క్యారేజీ విప్పి, చద్దన్నం చెరిసగం పెట్టేడు. తింటూ తింటూ మిల్లు సంగతి, గేటు సంగతి అంతా చెప్పుకున్నాడు. చెప్పి, "ఆ గాలి ముండ కనిపిస్తేనా, జుట్టు పట్టుకుని అడుగుదును, నీకు నానేం సేసేనే అని" అన్నాడు. "ఇదిగో జుట్టు, పట్టుకో" అంది ముసలమ్మ. అప్పుడు గ్రహించేడు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

గాలికి కోపం రాలేదంట, పైగా నవ్విందంట. "నిన్ను ఎనకనించి తొయ్యమంటే తోస్తాను నాయినా. నా దగ్గిర గాలికి కరువా? నీ ఒక్కడికీ దోసెడు గాలి ఎనక కట్టి ఉంచుతాను. కానీ నాకోటి కావాల. నీ సైకిల్ బెల్లు ఉంది చూసేవూ, ఇనుము కాదు, దాని మోత కావాల." "మోతతో ఏటి సేస్తావమ్మా?" అన్నాడు. దానికి గాలి ఏమందో వినండి. "నాకు గొంతు లేదురా. తాటాకులో దూరితే తాటాకు మోత. కుండలో దూరితే కుండ మోత. సముద్రం మీద తిరిగితే అందరూ సముద్రం హోరంటారు. ఇంత తిరుగుతాను, ఇది నాది అనుకోడానికి ఒక్క మోత లేదు" అంది. దాలినాయుడికి జాలేసింది. పైగా మోతే కదా, పోతే ఏం పోతుంది, బండికి చక్రం కావాలి, చైను కావాలి, మోతెందుకు అనుకున్నాడు. తీసుకో అన్నాడు. గాలి వంగి, బెల్లు మీద మూతి పెట్టి, మనం తాటిముంజెలో నీళ్ళు జుర్రుకుంటామే, అలా జుర్రుకుంది. తర్వాత అతను నొక్కి చూసేడు. టక్. అంతే.

ఇంక చూసుకోండి. మర్నాడు సైకిలెక్కి కాలెత్తేడో లేదో, వీపు మీద ఎవరో మెత్తగా అరచెయ్యి పెట్టినట్టు బండి సాగిపోయింది. ఇసక దిబ్బ ఎక్కడం తెలియలేదు, గతుకులు తెలియలేదు. సరుగుడు తోటలో చెట్లు పక్కనుంచి జారిపోతున్నాయి, కాలవలో నీళ్ళు అతనితో పందెం వేసి ఓడిపోతున్నాయి. కొంగలు తలెత్తి చూసేవంట, మాకంటే నెమ్మదిగా పోయేవాడు కదా వీడు, ఇవాళేమయిందని. చెమట లేదు, ఆయాసం లేదు. సన్నాసి ఎదురొచ్చి నోరు తెరిచేలోపు దాటిపోయేడు. సన్నాసి చుట్ట కింద పడిపోయిందంట! మిల్లు గేటు ఇంకా తెరవనే లేదు. సాయంత్రం కూడా అంతే, కళ్ళు మూసుకుని తెరిస్తే ఊరు. కలలో సైకిలు తొక్కుతాం చూడండి, కాళ్ళు ఆడవు గానీ ముందుకి పోతుంటాం, అచ్చం అలాగ.

బాగానే ఉంది అనుకో. మరి గాలి ఊరుకుంటుందా? దానికి కొత్తగా గొంతొచ్చింది. చిన్నపిల్లకి కొత్త గజ్జెలు కట్టినట్టే. మధ్యాహ్నం మొగలి పొదల్లో టింగుటింగుటింగుటింగుమంటుంది. ఎర్నమ్మ ఉలిక్కిపడి, ఇదేటి ఈ వేళప్పుడు, ఒంట్లో బాగులేదేమోనని పరిగెత్తి పొయ్యి ముట్టించి బియ్యం పోస్తుంది. మనిషి రాడు, అన్నం మెతుకు పట్టుకుంటే జావ. సాయంత్రం అతను చప్పుడు లేకుండా వచ్చి గుమ్మంలో నిలబడితే ఎసరే పెట్టి ఉండదు. "బెల్లు కొట్టొచ్చు కదా మావా?" అంటుంది. "పాడయింది" అంటాడు. "పాడయితే మద్దినేళ మోగింది ఎవులిది?" అంటుంది. చల్లటి గంజి తాగి పడుకుంటాడు. కొన్నాళ్ళకి ఎర్నమ్మ బెల్లు వినపడినా తలెత్తడం మానేసింది.

ఇంకొకటి జరుగుతోంది, అది అతనికి ముందు తెలియలేదు. ఇసక మీద సైకిలు పోతే గీత పడాలా వద్దా? పడటం లేదు. ఒక పొద్దున్న సన్నాసి ఎదురొచ్చేడు. దాలినాయుడే పలకరించేడు, "ఏం సన్నాసీ!" అని. సన్నాసి ఇటు చూసేడు, చూసి, ఎగిరిన తలపాగా సర్దుకుని చక్కా పోయేడు. ఎత్తిపొడవలేదు, నవ్వలేదు. ఎన్నాళ్ళుగానో విసుక్కున్న నవ్వు కదా, అది లేకపోతే దారి పొడుగూ ఏదో పారేసుకున్నట్టే ఉందంట దాలినాయుడికి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేడు. గోడకి సైకిలు చేరేసి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎర్నమ్మ పొయ్యి దగ్గర కూర్చుని ఉంది, పోలి చింతగింజలతో ఆడుకుంటోంది. ఎర్నమ్మ తలెత్తి సరిగ్గా ఇతని ముఖంలోకే చూసింది. "ఎర్నీ" అన్నాడు. ఆమె కొంగు భుజాల నిండా కప్పుకుంది. "గాలేస్తంది, తలుపెయ్యే పోలీ" అంది. "అయ్య ఇంకా రానేదు కదే అమ్మా?" అంది పిల్ల. "వొచ్చినప్పుడు తీద్దారి, పొయ్యి ఆరిపోతంది, ఎయ్యి" అంది. పోలి పరిగెత్తుకొచ్చింది, అతని పొట్టకి తలుపు ఆనించి, బలంగా తోసి గడియ పెట్టేసింది.

అర్థమైంది కదా మీకు? అతనికీ అర్థమైంది, గాలి తోసుకుపోతున్నకొద్దీ తనూ గాలైపోతున్నాడని. చేతులు చూసుకుంటే చేతులు కనపడుతున్నాయి, కానీ అవతలున్న మొగలి పొద కూడా కనపడుతోంది వాటిలోంచి. ఇంకో నాలుగు పూటలు ఇలాగే తిరిగితే సైకిలు మాత్రం గోడకి ఉంటుంది, దాలినాయుడు ఉండడు. మళ్ళీ సైకిలెక్కి కల్వర్టుకి పరిగెత్తించేడు. ఊళ్ళో దీపాలు వెలిగేయి. సరిగ్గా అప్పుడే సరుగుళ్ళు ఊరుకున్నాయి. గాలి షిఫ్టు దిగి కూర్చుంది, ఒళ్ళో బెల్లు మోత పెట్టుకుని టింగు టింగుమని ఆడుకుంటోంది.

"నా మోత నాకిచ్చెయ్యమ్మా" అన్నాడు. "ఏటి, తొయ్యడం సరిపోనేదా?" అంది. "నా కూతురు నా మొకం మీద తలుపేసింది" అన్నాడు, ఏడుపొచ్చేసింది అతనికి. గాలి అతని వైపు చూసింది. "ఒక్క తలుపుకే ఏడుస్తన్నావా నాయినా? నాకు ఊరూరా, ఇల్లిల్లూ, పొద్దూ మాపూ ఏస్తారు. నానెప్పుడైనా ఏడిసేనా?" అంది. తలుపుల సంగతి పైకి అనడం దానికి అదే మొదలు కదా, అన్నాక తనే తెల్లబోయిందంట.

తర్వాత దాలినాయుడు అన్నాడూ, "అమ్మా, నాకు తొయ్యడం వొద్దు. నువ్వెదురే రా. రెండు పూటలా రా. నా మోత నాకిచ్చేస్తే మా ఇంటి తలుపు నీకు వెయ్యం. నువ్వు షిఫ్టెక్కినా దిగినా మా ఇంట్లోంచే ఎల్లు." గాలి నమ్మలేదంట. "ఇసకొస్తంది" అంది. "రానీ" అన్నాడు. "పొయ్యి ఆరిపోతంది." "అడ్డం పెడతాం." గాలి చాలాసేపు మోతని అటూ ఇటూ తిప్పి చూసుకుంది. చివరిసారి ఒక్కసారి టింగుమనిపించి, బెల్లు మీద వంగి, మెల్లగా ఊదేసింది. అతని వీపు మీది చెయ్యి తీసేసింది.

వెంటనే ఎదురు కొట్టింది చూడండి! నిజానికి ఆ వేళకి సముద్రపు గాలి షిఫ్టు అయిపోయింది, ఆ రాత్రికి ఇంక నేలగాలే ఎక్కాలి, అయినా అతనికోసం సముద్రపు గాలే ఇంకో విడత వచ్చిందంట. పెడలు మీద నిలబడి తొక్కేడు. పంచె చైన్లో పడింది, లాక్కున్నాడు. నోటినిండా ఇసక. మొగలి పొదల మలుపులో దిబ్బెక్కలేక ఆయాసపడుతూ బెల్లు కొట్టేడు. ఇక్కడ మీలో తెలివైనవాళ్ళు అడగాలి, ఎదురుగాలికి మోత వెనక్కి కొట్టుకుపోతుంది కదా, ఇంటిదాకా ఎలా వినపడింది అని. గాలే అక్కడ ఒక్క రెప్పపాటు ఊపిరి బిగపట్టుకుని నిలబడిందంట, మోత దాటిపోయేదాకా.

పోలి అంది, "అమ్మా, మళ్ళీ బెల్లు." "మోగనీ, ఉత్తిదే" అంది ఎర్నమ్మ. అని, ఆగింది. ఇన్నాళ్ళూ మోగింది టింగుటింగుటింగుమని గుక్క తిప్పుకోకుండా మోగింది. ఇది అలా లేదు. టింగు. ఆగింది. ఊపిరి తీసుకునేంత సేపు. మళ్ళీ టింగు. "ఇది తొక్కి తొక్కి అలిసిపోయినోడి బెల్లే!" అని లేచి, గబగబా ఎసట్లో బియ్యం పోసి, ఆ చేత్తోనే వెళ్ళి గడియ తీసింది. ఇసకలో సైకిలు తోసుకుంటూ వస్తున్నాడు. వెనకాల ఇంత లోతు గీత.

ఆ తర్వాత ఆ ఇంటి తలుపు మళ్ళీ వెయ్యలేదు. ఎర్నమ్మ సణిగేది, అన్నంలో ఇసక, పక్కల్లో ఇసక అని. కానీ తెల్లవారుజామున నేలగాలి మొదలవగానే ముందు వాళ్ళింట్లోకే వచ్చి దాలినాయుడి దుప్పటి లాగేసేదంట, లే నాయినా, నా షిఫ్టెక్కింది అన్నట్టు. మిగతావాళ్ళు లేచే వేళకి అతను సరుగుడు తోట దాటేవాడు. ఎదురుగాలే, కానీ కూత ఏనాడూ దాటలేదు. సన్నాసి మాత్రం, "ఏటి బావా, తొక్కుతన్నావా, ఏడుస్తన్నావా?" అని మొదలెట్టేడు మళ్ళీ. దాలినాయుడు జవాబుగా బెల్లు కొట్టేవాడు.

ఇప్పుడంతా మోటారు బళ్ళు, గాలి ఎటునుంచి వస్తోందో ఎవరిక్కావాలి. నేను బళ్ళో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఆ దారినే సైకిలు మీద వెళ్ళేదాన్ని. మొగలి పొదల మలుపులో నిజంగానే గాలి ఒక్క క్షణం ఆగుతుంది. నేనూ బెల్లు కొట్టేదాన్ని. మా ఇంట్లో అది విని ఎసట్లో బియ్యం పోసేవాళ్ళెవరూ లేరు, వెళ్ళి నేనే పోసుకోవాలి. అయినా కొట్టేదాన్ని. గాలి ఆగి నిలబడ్డాక కొట్టకపోతే ఏం మర్యాద?