నల్లపొగ లేని బండి

మోంటానాలో మార్చి నెల పొద్దున. ఆమె సంచిలో బట్టలు కుక్కుతుంటే మొగుడు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు. బయట డీజిల్ పికప్ వెనక తగిలించిన ట్రైలర్లో ఆమె రెండు గుర్రాలూ ఎక్కి ఉన్నాయి.

"ఆ బరువుతో కొండ కనుమ ఎక్కితే ఇంజిను కరిగిపోతుంది. నేను ఎక్కిస్తేనే పొగగొట్టంలో వేడి పదహారు వందల డిగ్రీలు దాటింది," అన్నాడు.

"దాటదూ? నల్లపొగ చూసి ఊళ్ళోవాళ్ళు ఈలలు వెయ్యాలని ఇంజినుకి డీజిలు అంత ఎక్కువగా వదిలిపెట్టావు. నిన్న తగ్గించాను. ఇంజిన్లోకి గాలి నెట్టే టర్బో పెద్దది బిగించాను, గాలి బాగా అందుతుంది."

"నా బండి ముట్టుకున్నావా?"

"నా పేరున ఉన్న బండి."

"పొగ రాని బండికి పరువేముంది? లారీలు కూడా నిన్ను దాటిపోతాయి."

"పోనీ. చిన్న గేరులో నత్తలా ఎక్కుతా. వేడి చూపే సూది పన్నెండు వందలకొస్తే యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తా."

"మొదటి మలుపులోనే ఫోన్ చేస్తావు, వచ్చి లాక్కెళ్ళమని."

"చేస్తే ఎత్తకు."

"సరేలే. రాత్రికి ఏం వండుతున్నావు?"

"గుడ్లున్నాయి. వేయించుకోవడం నేర్చుకో."

కనుమ కొనకు చేరేసరికి సూది పదకొండు వందల యాభై దగ్గర ఉంది. ఆమె ఇడాహో వైపు దిగిపోయింది. 2004 మార్చి తొమ్మిదిన వెళ్ళిన ఆ మనిషి మళ్ళీ ఆ ఇంటికి రాలేదు.