మ్యాట్నీకి నలభై ఒక్క బండ్లు

నా పేరు సుగుణమ్మ. తండ్రి కురుమూర్తి, లేరు. వయసు యాభై నాలుగు. వృత్తి వ్యవసాయం, రెండెకరాల చెలకలో పల్లి వేస్తాను. ఊరు వనపర్తి జిల్లా గోపాల్‌పేట. ఏడో తరగతి వరకు చదివాను. పెళ్ళి కాలేదు. ఎందుకన్నది ఈ కేసుకు అక్కరలేదు. ఈ రోజు 2025 నవంబరు 9, ఆదివారం. మీరు కబురు చేస్తే బస్సెక్కి నా అంతట నేను వచ్చాను. ఉదయం పది గంటల నుంచి మీరు అడిగినవాటికి చెబుతున్నాను.

మేము ముగ్గురం. నేను పెద్దదాన్ని. చెల్లెలు స్వరూపను గద్వాలలో ఇచ్చాము. తమ్ముడు ప్రేమ్ కుమార్‌కు ముప్పై మూడేళ్ళు. అమ్మ పోయిననాడు వాడికి నాలుగేళ్ళు, నాకు ఇరవై ఐదు. వాణ్ణి నేనే పెంచాను.

తమ్ముడు వనపర్తిలో ఒక టాకీసు దగ్గర బండ్ల స్టాండు నడిపేవాడు. ఆరేళ్ళు నడిపాడు. బండి పెట్టినవాళ్ళకు గోడ మీది కొక్కెం నుంచి ఇత్తడి టోకెన్ తీసి ఇస్తాడు. ఆట వదిలాక టోకెన్ తీసుకుని మళ్ళీ కొక్కేనికి తగిలిస్తాడు. ఆట మొదలయ్యాక ఖాళీ కొక్కేలు చూస్తే జనం ఎంతమంది వచ్చారో తెలిసిపోతుంది. లోపల టార్చిలైటు పట్టుకున్నవాడికంటే ముందు మా వాడికి తెలుస్తుంది.

అక్టోబరు 10, శుక్రవారం "నీలిపిడుగు: పుట్టుక" అనే సినిమా వచ్చింది. మూడేళ్ళ కింద వచ్చిన మొదటి సినిమాలో ఒకడి మీద పిడుగు పడి శక్తులు వస్తాయి, ఆకాశంలో ఎగురుతాడు. ఇది దానికి ముందు కథ. శక్తులు రాకముందు వాడు ఎట్లా బతికాడన్నది. తమ్ముడు మొదటిదాన్ని పదకొండుసార్లు చూశాడు. ఈ ముందు కథను కూడా మొదటి రోజే చూసి వచ్చి, కంచంలో అన్నం చల్లారిపోతున్నా నాకు కథంతా చెప్పాడు. వాడు ఆ హీరోకు శత్రువు కాదు. ఇది రాసుకోండి.

ఆ హీరో అభిమానులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు ఉంది. వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలవాళ్ళు అందులో ఉంటారు. దానికి పెద్ద శ్రవణ్ కుమార్ అనే అతను. ముప్పై ఏళ్ళు, వనపర్తిలో సెల్‌ఫోన్ల దుకాణం. అక్టోబరు 16, గురువారం సాయంత్రం ఆరు గంటలకు అందులో వాదన మొదలైంది. తమ్ముడు మా ఇంట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. వచ్చిన వాయిస్ మెసేజీలు ఫోనులో గట్టిగా పెట్టి వింటున్నాడు. నేను పక్కనే విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నాను. అందుకని అన్నీ విన్నాను.

ఏడు రోజులకు నూట ఇరవై కోట్లు వచ్చాయని, వనపర్తిలో రోజూ అన్ని ఆటలూ హౌస్‌ఫుల్ అని శ్రవణ్ కుమార్ ఒక పోస్టరు పెట్టాడు. మొదటి సినిమాకు ఇన్ని రోజుల్లో ఇంతకు రెట్టింపు వచ్చిందని గద్వాలవాడొకడు అన్నాడు. శక్తులు రాకముందు కథ కదా, కలెక్షనుకు కూడా ఇంకా శక్తి రాలేదని ఇంకొకడు అన్నాడు. దానికి నా తమ్ముడు నవ్వాడు. వాడు నవ్వగా నేను చూసింది అదే ఆఖరు. తర్వాత వాడు ఆ రోజు మ్యాట్నీ నడుస్తుండగా తీసిన స్టాండు ఫోటో పెట్టాడు. నాలుగు వరుసలు పట్టే చోట ఒక వరుస కూడా నిండలేదు. కింద, నలభై ఒక్క బండ్లు అని రాశాడు.

శ్రవణ్ కుమార్ మాట వచ్చింది. "బండ్లు కాసేటోనివి, కోట్ల సంగతి నీకేం తెలుస్తది? జనం ఆటోలల్ల వచ్చిన్రు, నడిచొచ్చిన్రు."

తమ్ముడు చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది. "కోట్లు నాకు తెల్వదు శ్రవణ్. ఆటోలు గూడ నా ముందలనే ఆగుతయి. సినిమా బాగలేదనలే నేను. జనం రాలేదన్న."

వాడు అన్నది ఇంతే. దీనికి మించి ఒక్క మాట అనలేదు.

అప్పుడు శ్రవణ్ కుమార్, "నా బిడ్డ శ్రుతి మీద ఒట్టు, మ్యాట్నీ హౌస్‌ఫుల్" అన్నాడు. ఆ పాపకు నాలుగేళ్ళు. ఒలుస్తున్న చేయి ఆగింది. సినిమా కోసం బిడ్డ పేరు తెచ్చాడే అనుకున్నాను. అప్పటికి అంతే అనుకున్నాను.

ఆ స్టాండు ఫోటో ఎవరో వేరే హీరో అభిమానులకు పంపారు. తెల్లారేసరికి అందరి ఫోన్లలో ఉంది. అక్టోబరు 17, శుక్రవారం మధ్యాహ్నం ఒంటి గంట యాభై నిమిషాలకు ముప్పైమంది దాకా బండ్ల మీద స్టాండుకు వచ్చారు. అక్కడ జరిగింది తమ్ముడు చెప్పగా తెలిసింది. కాలరు పట్టుకుని వాణ్ణి హీరో కటౌట్ ముందుకు తీసుకుపోయారు. మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు. ఒకడు ఎడమ చెవి మీద కొట్టాడు. కొట్టినవాడి కుడిచేతికి స్టీలు కడియం, ఆ కడియానికి నీలం దారం చుట్టి ఉంది. నాగర్‌కర్నూలు వైపు మనిషి. పేరు తమ్ముడికి తెలియదు. శ్రవణ్ కుమార్ పక్కనే ఉన్నాడు. వీడియో కూడా తీశారు. హౌస్‌ఫుల్ అయింది, తప్పయింది, అని మూడుసార్లు చెప్పించారు.

ఆ వీడియో నలభై ఎనిమిది సెకన్లు. నేను చూశాను. చాలాసార్లు చూశాను. అందులో దెబ్బ లేదు. దెబ్బకు ముందు ఆపి, మోకాళ్ళ దగ్గర మళ్ళీ మొదలుపెట్టారు.

కర్ణభేరి చిరిగిందని దవాఖానలో చెప్పారు. ఎడమ చెవి వినపడదు. టాకీసు యజమాని స్టాండు వేరేవాళ్ళకు ఇచ్చాడు. తమ్ముడు గడప దాటడం మానేశాడు. నేను పిలిస్తే కుడివైపు తిరుగుతాడు. నేను ఎడమవైపు నిలబడి పిలిచినా కుడివైపే తిరుగుతాడు.

18న తమ్ముడు ఫిర్యాదు ఇచ్చాడు. కడియం సంగతి అందులో ఉంది. సాక్షులు ఎవరూ ముందుకు రాలేదు. శ్రవణ్ కుమార్ 19న ఇచ్చిన వాంగ్మూలాన్ని నేను అడిగితే చదివి వినిపించారు. అందులో ఒక వాక్యం ఉంది. "గుంపులో ఎవరు కొట్టారో నేను గుర్తుపట్టలేను." ఆ వాక్యం నాకు నోటికి వచ్చేసింది. పొద్దున దీపం పెట్టి స్వామిని తలుచుకుంటే, స్తోత్రం మధ్యలో అదే వచ్చేది.

నవంబరు 2, ఆదివారం పదకొండు గంటలకు నేను శ్రవణ్ కుమార్ దుకాణానికి పోయాను. గొడవ పెట్టుకోలేదు. స్టూలు వేశాడు, కూర్చున్నాను.

"బిడ్డ మీద ఒట్టు వెట్టినవు గదా. బీచుపల్లికి వచ్చి తడిబట్టలతోని గదే మాట చెప్పి కర్పూరం ఆర్పు. నా తమ్ముని ఫిర్యాదు వాపస్ తీయిస్త" అన్నాను.

మా వైపు, కృష్ణ ఒడ్డున బీచుపల్లి స్వామి గుడి దగ్గర, ఒట్టు అట్లా ఉంటుంది. ఏటిలో మునిగి వచ్చి, మాట చెప్పి, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పాలి. దానంతట అది ఆరిపోతే ఒట్టు చెల్లదు.

అతను నవ్వాడు. "గింతేనా అక్కా? లైవ్ పెడ్దాం. మూడు జిల్లాలోల్లు చూస్తరు. అందరి నోళ్ళు ఒక్కసారికే మూతవడ్తయి" అన్నాడు. చెప్పలేకపోతే ఏమిటి అని అడగలేదు. అడగవలసింది అదే. ఆ సాయంత్రానికే దానికి కూడా హీరో బొమ్మతో పోస్టరు వేశాడు.

నిన్న, నవంబరు 8, శనివారం. నాకు ఒక్కపొద్దు. మొదటి బస్సుకు బయలుదేరి ఎనిమిదిన్నరకు బీచుపల్లి చేరాను. తమ్ముడు రాలేదు. నన్ను కూడా పోవద్దన్నాడు. ఇట్లాంటివి గుడిలో వద్దని పూజారి గారు చెప్పారు. నేను స్వామికి మొక్కి, కృష్ణ ఒడ్డున ఘాటు మెట్ల మీదికి వచ్చాను. కార్తీక స్నానాలకు వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారు.

తొమ్మిది ఇరవైకి శ్రవణ్ కుమార్ వచ్చాడు. వెంట ఇరవై బండ్లు. వాళ్ళ అమ్మ జోగులమ్మ ఆటోలో వచ్చింది. పాపను తేలేదు. అతను మునిగి వచ్చాడు. ఒంటి మీద నీలం బనియను, దాని మీద హీరో బొమ్మ. చేతులు తడిగా ఉన్నాయని లైవ్ పెట్టిన ఫోను నా చేతికి ఇచ్చాడు.

"జర పట్టుకో అక్కా. మొఖం నిండుగ రావాలె."

పట్టుకున్నాను. రెండో చేత్తో తమలపాకు మీద కర్పూరం పెట్టి వెలిగించాను.

అతను మొదట హీరో మాటలు రెండు చెప్పాడు. వెంట వచ్చినవాళ్ళు ఈలలు వేశారు. మాట చెప్పమన్నాను. చేయి చాపి, "నా బిడ్డ" అని ఆగాడు. కర్పూరం ఆరిపోయింది. అతను ఊపిరి వదిలాడు. అయిపోయిందనుకున్నాడు. నేను ఇంకొక బిళ్ళ పెట్టి వెలిగించాను.

జోగులమ్మ వచ్చి నా చేయి పట్టుకుంది. "పసిదాని పేరు వద్దక్కా. నా మీద చెప్పిస్త" అంది.

"పేరు నేను తేలే, జోగులమ్మా. నీ కొడుకు తెచ్చిండు" అన్నాను.

రెండోది ఆరింది. మూడోది పెట్టాను. ఇంకా ఏడు ఉన్నాయని కొంగు విప్పి చూపించాను.

ఇక్కడ ఒకటి రాసుకోండి. అతను నిజం చెప్పాలని నేను కోరుకోలేదు. అబద్ధం చెప్పి కర్పూరం ఆర్పాలని కోరుకున్నాను. ఆ తర్వాత సంగతి స్వామి చూసుకుంటాడని. అందులో నాలుగేళ్ళ పాప పేరు ఉంది. తెలిసే మూడో బిళ్ళ పెట్టాను.

శ్రవణ్ కుమార్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎవరూ కూర్చోబెట్టలేదు. ఫోను వైపు చూడలేదు, మంట వైపు చూస్తూ చెప్పాడు. "హౌస్‌ఫుల్ కాలే. ప్రేమన్న చెప్పిందే నిజం, నలభై ఒక్క బండ్లే. నేను ఆ దినం టాకీసు దిక్కే పోలే."

నా చేతిలోని ఫోనులో, లైవ్ చూస్తున్నవాళ్ళు పంపిన నవ్వే బొమ్మలు కింది నుంచి పైకి పోతున్నాయి. వెంట వచ్చినవాళ్ళు వాళ్ళ ఫోన్లలో అవి చూసుకున్నారు. "మూడు జిల్లాల ఇజ్జత్ తీసినవు గదరా" అని ఒకడు మెట్లు దిగాడు. అతని వెనుక మిగిలినవాళ్ళు దిగారు. చొక్కా లేదు కాబట్టి బనియను పట్టుకుని లేపారు. వెనుక నుంచి ఒక చేయి లేచింది. స్టీలు కడియం. దానికి నీలం దారం.

నాకూ శ్రవణ్ కుమార్‌కూ మధ్య నాలుగు మెట్లు. అరిస్తే వినపడేది. తల తప్పించుకునేవాడు. నేను అరవలేదు. ఫోను పక్కన ఉన్న మీట నొక్కాను. తొమ్మిది యాభై రెండుకు లైవ్ ఎందుకు ఆగిందని మీరు అడిగారు. నేనే ఆపాను. నా తమ్ముడి వీడియోలో దెబ్బ లేదు. ఇందులోనూ ఉండకూడదనుకున్నాను.

దెబ్బ ఎడమ చెవి మీద పడింది. చాలు పోదాం పా అని కొట్టినవాణ్ణి తోటివాడు పేరు పెట్టి పిలిచాడు. నాకు స్పష్టంగా వినపడింది. నా చెవులు రెండూ బాగున్నాయి.

స్నానాలకు వచ్చినవాళ్ళు అంబులెన్సు పిలిచారు. నేను ఫోనును జోగులమ్మ చేతిలో పెట్టాను. మిగిలిన ఏడు బిళ్ళలు కొంగున ముడివేసుకుని బస్సెక్కాను. ఇంటికి చేరి ఒక్కపొద్దు విడిచి రెండు జొన్నరొట్టెలు తిన్నాను. ఇరవై రెండు రోజుల తర్వాత నాకు తిండి సయించింది. తమ్ముడు అప్పటికే ఫోనులో లైవ్ చూశాడు, తర్వాతి సంగతి గ్రూపులో విన్నాడు. వాడి చెవి గూడ పోయిందా అక్కా అని అడిగాడు. పోయిందన్నాను. వాడు రొట్టె ముట్టలేదు.

కొట్టినవాడి పేరు చెప్పమని మీరు నాలుగుసార్లు అడిగారు. చెప్పకపోతే నా మీద కూడా కేసు అవుతుందన్నారు. కానివ్వండి. తమ్ముడికి తోడుండమని ఇంటి రెండో తాళం స్వరూపకు పంపాను, చెలకకు బుధవారం నీళ్ళు పెట్టించమన్నాను.

శ్రవణ్ కుమార్‌కు ఆ పేరు నాకంటే ముందు తెలుసు. అక్టోబరు 17 నుంచీ తెలుసు. అతను మాట్లాడుతున్నాడని మీరే చెప్పారు. కుడి చెవి వినపడుతుంది. ఆ వైపు నిలబడి, ప్రేమ్ కుమార్‌ను ఎవరు కొట్టారని అడగండి. అతను పేరు చెప్పి సంతకం పెట్టిన రోజే నేను వచ్చి అదే పేరు చెబుతాను. రెండు చెవులకూ ఒక్క పేరు సరిపోతుంది. అంతవరకు అతని వాక్యమే నా వాక్యం అని రాసుకోండి: గుంపులో ఎవరు కొట్టారో నేను గుర్తుపట్టలేను.

నేను చెప్పింది మీరు రాశారు, చదివి వినిపించారు, విన్నాను. ఎవరి బలవంతమూ లేదు. శ్రవణ్ కుమార్ దగ్గర తీసుకున్న ఆ ఒక్క వాక్యం తప్ప మిగిలినదంతా నిజం.

(సం.) సుగుణమ్మ