గ్లాసు చుట్టూ పేర్లు

1962. వికారాబాదు గుట్ట మీద క్షయ ఆసుపత్రి వరండా. తాండూరు బండల గనిలో రాయి కొట్టిన నర్సప్ప మంచం మీద ఉన్నాడు. గని కార్మికుల సంఘం కార్యదర్శి ఈరయ్య అతన్ని చూడవచ్చాడు.

“ముందుగల్ల గా జేబుగుడ్డ మూతి మీదికెల్లి తియ్యి, ఈరయ్యా. నా వాసన గంత ఘోరంగ కొడుతున్నదా?”

“గట్ల గాదన్నా. గుట్టెక్కొచ్చిన. ఆయాసం.”

“జీపు చప్పుడు ఇన్న. గని సేఠు జీపుల కూసోనొస్తె గూడ ఆయాసమొస్తదా?”

“స్టేషన్ కాడ దొరికింది. గీ పండ్లు తిను జర.”

“సేఠు పంపిండా?”

“పండ్లు పండ్లే గదన్నా.”

“వార్డుల యోహానుకియ్యి. పొద్దంత మా తెమడ డబ్బలు కడుగుతడు. ఎవరు చెప్పకున్నా నీళ్లు కాగబెట్టి నా ఈపు రుద్దుతడు. ఆయన తింటడు. నాకు గొంతు దిగవు.”

“కాయితం తెచ్చిన.”

“తెలుసు. సదువు.”

“సదివేదేమున్నది. ఏలిముద్ర ఎయ్యి.”

“సదువు.”

“‘నాకు గనికి రాకముందు సందే దగ్గున్నది. బీడీలు తాగి వచ్చింది. బండ దుమ్ముతోని కాదు.’ గంతే.”

“బీడీలా?”

“అందరు తాగుతరు గదన్నా.”

“నేను తాగుతనా?”

“గది కాదు...”

“పోలీస్ యాక్షన్ అయిన యేడు సంది ఇద్దరం పక్కపక్కన ఉలి కొట్టినం. నువ్వు బీడీ ముట్టిస్తే నేను అవతలికి జరిగెటోన్ని. చెప్పు. నేను తాగుతనా?”

“తాగవు.”

“మరి ఎవడు రాసిండు గిది?”

“నేనే.”

“మంచిగున్నది నీ రాత.”

“అన్నా, ఎల్లుండి లేబర్ ఆఫీసరు తాండూరొస్తుండు...”

“వస్తుండు. దుమ్ముతోనే అని తేలితే సేఠు దుమ్ము లేవకుండ బండ కోసే మిషన్ల మీద నీళ్లు కొట్టియ్యాలె, దగ్గేటోల్లకు మందు ఇప్పియ్యాలె. బీడీలని తేలితే పదకొండు మందిమి ఇంటికాడ దగ్గుకుంట కూసోవాలె. గంతే గద?”

“నువ్వు పెద్దోనివి. నువ్వు బీడీలంటే తక్కినోల్లు గదే అంటరు.”

“గందుకే నా కాడికి ముందుగల్ల వచ్చినవ్. సేఠు ఏమిస్తనన్నడు నీకు?”

“మునిసిపాలిటీకి టికెట్ ఇప్పిస్తనన్నడు. నేను గా కుర్సీల కూసుంటే రేపు మనోల్లకే మంచి జేస్త.”

“తూ.”

“ఉమ్మితే ఉమ్ము. పడత.”

“ఉమ్మెటానికి దవాఖానోల్లు డబ్బ ఇచ్చిండ్రు. నీ మీదెందుకు?”

“గంత మాటనకు.”

“యాభై రెండుల మనం సేఠుకిచ్చిన దరఖాస్తు యాదున్నదా? ముందుగల్ల ఎవరి పేరుంటే వాన్ని సేఠు తీసేస్తడని అందరం భయపడ్డం. నువ్వు చాయ్ గ్లాసు కాయితం మీద బోర్లిచ్చి గుండ్రంగ గీత గీసినవ్. దాని చుట్టు పేర్లు రాసినవ్. దీనికి మొదలు లేదు, కడ లేదు అన్నవ్.”

“గప్పటి సంగతి ఇప్పుడెందుకు?”

“సేఠు గా కాయితాన్ని తిప్పి తిప్పి చూసిండు. ఒక్కన్ని తీసెయ్యలే. గానాడు నిన్ను భుజాల మీద ఎత్తుకోని బజారంత తిప్పిన. ఇప్పుడు గీ భుజాలను చూసుకుంటే నాకే అసయ్యమైతున్నది.”

“బండి టైమైతున్నదన్నా.”

“ఇంకో మాట. గీడ డాక్టరు నా రొమ్ము మీద ఏలు పెట్టి తడతడు. మనం బండను సుత్తెతోని తట్టినట్టే. లోపట పగులుంటే మొద్దుగ పలుకుతది. నువ్వు తట్టిచ్చుకున్నవా?”

“నాకేమైంది?”

“ఏం కాలేదా?”

“ఏం కాలే. జర ఆయాసం... ఆగు... ఆగన్నా...”

“దగ్గు. ఆపకు. దగ్గు... గీ నీళ్లు తాగు. గా గుడ్డ ఇటియ్యి.”

“వద్దు.”

“ఇయ్యమన్న... ఎర్రగున్నది, ఈరయ్యా. ఎప్పటి సంది?”

“ఉగాది సంది. ఎవరికి చెప్పకు.”

“సేఠుకు తెలుసా?”

“తెలుసు. పట్నంల పెద్ద డాక్టరుకు చూపిస్తనన్నడు.”

“ఊకెనే?”

“పదకొండు మంది ఏలిముద్రలు తెస్తె.”

“అంటే కుర్సీ కోసం కాదు.”

“నాకు బతకాలె అనున్నదన్నా.”

“మాకు లేదా?”

“ముద్ర ఎయ్యన్నా.”

“చెప్పు. మాకు లేదా?”

“ఎయ్యకుంటె ఎయ్యనను, పోత. గిట్ల చూడకు.”

“పోదువు. నా తలకాడి మెత్త కింద ఒక కాయితమున్నది, తియ్యి.”

“ఏంది గిది?”

“పోయిన శుక్రారం మనోల్లు చూడొచ్చినప్పుడు ఆఫీసరుకు రాసినం, దుమ్ముతోనే అని. నువ్వు నేర్పినట్టే, యోహాను తాగే గ్లాసు బోర్లిచ్చి.”

“అందరు ఏసిండ్రా?”

“అందరు. నాది గూడ ఉన్నది.”

“మరి గీడ పేర్ల నడుమ ఒక్క జాగ ఎందుకు ఇడిసిండ్రు?”

“నీది. మీటింగుల నువ్వు మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్ననాడే మనోల్లకు తెలిసింది.”