‘మంచుకొండ’ మీద మోగిన పాట విషయమై

మొట్టమొదట నేను టిల్డన్ కౌంటీ ప్రజలకు, యావత్ అయోవా రాష్ట్రానికి, శనివారం నాటి పందుల పోటీలో పాల్గొన్న పందులకు, సంగీతం అనే పదానికి సాష్టాంగపడి క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఆ సాయంత్రం వీరందరి చెవుల్లో పడిన పాట నేను రాసింది కాదు, పాడింది కాదు. అయినా ఎవరో ఒకరు చెప్పాలి కదా. ఇదంతా రాయాలా అని నా వాంగ్మూలం రాసుకుంటున్న పోలీసు డిప్యూటీ టూమీ గారు అడిగారు. రాయమన్నాను. భయం వేసినప్పుడు నేను ఇలాగే మాట్లాడతాను. ఇప్పుడు చాలా భయంగా ఉంది.

నా పేరు కోర్విన్ హాస్కెట్. వయసు ఇరవై మూడు. కాలేజీలో తత్వశాస్త్రం చదివాను, అందుచేత ఊరూరా తిరిగే జాతరలో మైకు పట్టుకుంటున్నాను. మా బండి పేరు ‘మంచుకొండ’. గుండ్రటి పట్టాల మీద ఇరవై పెట్టెలు ఎత్తుపల్లాలుగా తిరుగుతాయి. నడిపేది వెల్డా స్ట్రౌడ్, యాభై ఎనిమిదేళ్ళు. మేమంతా వెల్డక్క అంటాం. తన గదిలో కూర్చుని బ్రేకు పిడి పట్టుకుంటుంది. అక్కడినుంచి ఆమెకు జనం ముఖాలు కనబడవు. ముఖాలు చూడాల్సింది, పాటలు పెట్టాల్సింది నేను. మేము గడియారం చూడం. ఒక పాటకి ఒక తిప్పు. పాట ఆగగానే వెల్డక్క పిడి లాగుతుంది.

శనివారం మధ్యాహ్నం బండి యజమాని కొత్త పాట పంపాడు. పేరున్న ఒక గాయని ఇదిగో అదిగో అని మూడేళ్ళు ఊరించిన పాట. మొదలవగానే కుర్రకారంతా చేతులెత్తారు. కాసేపటికి దించేశారు. ‘ఊగు, ఊగు, ఊగు పాపా ఊగు.’ అంతే. తరువాత చరణం వస్తుందని ఎదురుచూశాం. మళ్ళీ ‘ఊగు’ వచ్చింది.

“ఇదేంట్రా కాలేజీ? ఇంతేనా?” అంది వెల్డక్క.

“ఇంతే అక్కా. మూడేళ్ళు కష్టపడింది పాపం.”

“మా ఆయన గురక నయం. దాంట్లో మధ్యమధ్య మార్పయినా ఉంటుంది.”

“గురకకి డప్పు కడితే ఇదే అక్కా.”

“చాల్లే వెధవా. ఎక్కడ మొదలో ఎక్కడ చివరో తెలీట్లేదు, కాస్త చూస్తుండు.”

నాలుగున్నర ప్రాంతంలో పెట్టెలన్నీ నిండాయి. తొమ్మిదో పెట్టెలో ఆటిలీ బ్రాండ్‌వోల్డ్ గారు ఎక్కారు. ఆమె స్కూలు బస్సు నడుపుతారట. పక్కన ఎనిమిదేళ్ళ కూతురు. ఒడి మీదికి వాలే ఇనుప కడ్డీని నేనే దించాను. లాగి చూశాను. గట్టిగానే ఉంది. గట్టిగానే ఉంది.

మా బండి మీద ఒక ఆనవాయితీ ఉంది. నేను మైకులో “ఇంకా స్పీడు కావాలా?” అని అడుగుతాను, జనం అరుస్తారు. అరుపంటే అవునని. ఎంత అరిస్తే అంత అవును. కాదని చెప్పడానికి మా దగ్గర ఏ పద్ధతీ లేదు. ఈ సంగతి నాకు శనివారం దాకా తోచలేదు.

ఆ ‘ఊగు’ పాటే నడిచింది. చాలాసేపు నడిచింది. నేను అడిగాను, అందరూ అరిచారు. ఆవిడా అరిచారు. తొమ్మిదో పెట్టె, పట్టాల వెనక సగాన్ని కప్పిన గుడారం చాటుకు వెళ్ళి వచ్చింది. ఇంకా అరుస్తున్నారు. మళ్ళీ అడిగాను. మళ్ళీ వెళ్ళి వచ్చింది. ఈసారి కడ్డీ ఒడి మీద లేదు, పైకి లేచిపోయి ఉంది. ఆవిడ ఒక చేత్తో కూతుర్ని, ఒక చేత్తో పెట్టె అంచుని పట్టుకున్నారు. నన్నే చూస్తున్నారు. పెట్టె తిరిగినా ఆ చూపు తిరగలేదు.

“ఆపక్కా! ఆపు!” అన్నాను మైకులో.

జనం “వద్దూ!” అని నవ్వారు. పొద్దుటినుంచీ ఉత్తుత్తినే ఆ మాట అంటూనే ఉన్నాను. అది నా హాస్యం. వెల్డక్క కూడా నవ్వి, బెదిరిస్తున్నట్టు వేలు ఆడించింది. “నోర్ముయ్‌రా కాలేజీ, పాట ఇంకా అవలేదు!”

నా కాళ్ళు కదల్లేదు. ఇది కూడా రాయండి. కాళ్ళు కదల్లేదు. ఒక తెల్ల చెప్పు ఎగిరొచ్చి పక్కనున్న నిమ్మరసం బండి మీద, గ్లాసుల మధ్య, ఎవరో పెట్టినట్టు కుదురుగా కూర్చుంది. అది చూశాక కదిలాయి. వెళ్ళి పిడి మీద పడ్డాను. బండి ఆగేలోగా ఆవిడ చెక్క కంచెకు కొట్టుకుని పడిపోయారు. పాప పెట్టెలోనే ఉంది. పాట మోగుతూనే ఉంది. “ఆ పాట ఆపండ్రా!” అని ఎవరో ఏడుస్తున్నారు. నా మైకు దగ్గరికి తిరిగి పరిగెత్తాను, పాటను ఆపే మీట నాకు కనిపించలేదు. నా చేతి కిందే ఉంది, కనిపించలేదు.

ఆమెకు భుజం విరిగిందని, తలకు దెబ్బ తగిలిందని, ఇంకా స్పృహ రాలేదని ఇప్పుడే ఫోనొచ్చింది.

తనిఖీ అధికారి ఆ కడ్డీని పట్టి ఉంచే గొళ్ళెం విప్పి చూశారు. అరిగిపోయిందట. ఒక పాట సేపు నిలిచేదేననీ, అంతకు రెట్టింపు ఊగేసరికి జారిందనీ అన్నారు. అంతసేపు ఎందుకు తిప్పావని వెల్డక్కని అడిగారు. నేను పక్కనే ఉన్నాను.

“పాట అయిపోవడం నాకు వినబళ్ళేదు సార్. ముప్పై ఏళ్ళు స్పీకరు పక్కనే కూర్చున్నాను కదా, చెవులు పోయినట్టున్నాయి. తప్పు నాదే,” అంది. లైసెన్సు కార్డు తనే తీసి బల్ల మీద పెట్టింది.

రేపు ఆమె మీద కేసు కడతారట. ఇప్పుడు బయట బెంచీ మీద ఉంది. ఇందాక నేను మంచినీళ్ళకి వెళితే, “ఏంట్రా ఆ మొహం? నువ్వేం చేశావని?” అని నా చొక్కా గుండీ పెట్టింది.

డిప్యూటీ గారు ఇంతవరకూ చదివి వినిపించారు. చెప్పింది చెప్పినట్టే ఉంది. సంతకం పెట్టమన్నారు. కలం తీసుకుని, ఇంకొక్క మాట రాసుకోమన్నాను.

వెల్డక్క చెవులు బాగానే ఉన్నాయి. పాట అయిపోవచ్చింది. ఆమె చెయ్యి పిడి మీద బిగుసుకోవడం చూశాను. ఆఖరి డప్పు మీద, సందు లేకుండా, మళ్ళీ మొదటినుంచి మోగేలా నేనే నొక్కాను. తేడా ఎవరికైనా తెలుస్తుందేమో చూద్దామని. ఎవరికీ తెలియలేదు. నాకు నవ్వొచ్చింది.

ఈ మాట కలిపితేనే పైన చెప్పినదంతా నిజం.

(సంతకం)
కోర్విన్ హాస్కెట్